మెత్తటి సీటు మీద మోజు, బెల్టు మీద కోపం

క్రిందటి వేసవిలో ఒక కాంట్రాక్టరు గారు రక్తపు పోటు చూపించుకోవటానికి వచ్చారు. వయస్సు 52. రక్తపు పోటు గురించి ఆయన చెప్పింది రెండు మాటలు, కొత్తగా కొన్న కారు గురించి చెప్పింది ఇరవై మాటలు. సీటులో నుంచి చల్లగాలి వస్తుందట. మీట నొక్కితే సీటే వీపు పిసుకుతుందట. తలుపు సగం వేసి వదిలేస్తే మిగతా సగం అదే లాక్కుంటుందట. నెత్తిమీద అద్దం తెరిస్తే ఆకాశం కనపడుతుందట.

"అంతా బాగుంది గాని డాక్టరు గారూ, ఒక్కటే చిరాకు. గంట సేపు నడిపేసరికి ఎదుట తెర మీద కాఫీ కప్పు బొమ్మ వేసి, కూత పెట్టి, విశ్రాంతి తీసుకోమంటుంది. 60 లక్షలు పోసి కొన్నవాడికి కాఫీ ఎప్పుడు తాగాలో కారు చెప్పాలా? ఆ కూత ఆపేయించాను" అన్నారు.

ఆయన రక్తపు పోటు 170/105 ఉంది. అప్పటికే మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నారు. చొక్కా కాలరు కొలత అడిగితే పదిహేడున్నర అంగుళాలన్నారు. పక్కనే కూర్చున్న ఆయన భార్యను, "రాత్రి గురక పెడతారా అమ్మా?" అని అడిగాను.

ఆమె నవ్వి, "నేను పక్క గదిలోకి మారి మూడేళ్ళయిందండీ" అన్నారు. కాసేపాగి, "గురకకు భయం లేదండీ. మధ్యలో గురక ఆగిపోతుంది చూడండి, అప్పుడే భయం. ఊపిరి ఉందో లేదోనని లేచి వచ్చి చూస్తాను" అన్నారు.

ఈ మాట ఎవరి భార్య చెప్పినా డాక్టరు కలం పక్కన పెట్టి వినాలి. పడుకున్నప్పుడు గొంతు వెనక కండరాలు వదులవుతాయి. కొందరిలో, ముఖ్యంగా మెడ లావుగా ఉన్నవారిలో, అవి ఊపిరి దారిని పూర్తిగా మూసివేస్తాయి. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువసేపు గాలి లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. పెద్ద చప్పుడుతో ఊపిరి పీల్చి మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. ఇలా రాత్రంతా జరిగినా తెల్లవారాక అతనికి ఏమీ గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నాననే అనుకుంటాడు. పొద్దున్నే తలనొప్పి, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవటం, మాత్రలకు లొంగని రక్తపు పోటు, పగలు కూర్చున్న చోటే కునుకు, ఇవీ దీని గుర్తులు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఈ జబ్బున్నవాడు కారు నడిపితే ప్రమాదం జరిగే అవకాశం మామూలు మనిషికంటె రెండు మూడు రెట్లు ఎక్కువ.

నిద్ర పరీక్షకు పంపాను. గంటకు 30 సార్లకు పైగా ఊపిరికి అడ్డు తగులుతోందని తేలింది. అంటే తీవ్రమైన జబ్బే.

కారుకు ఈ సంగతి ఎలా తెలిసింది? కారు ఏమీ వైద్యం చదువుకోలేదు. మెలకువగా ఉన్న మనిషి స్టీరింగును క్షణక్షణం కొద్దికొద్దిగా సవరిస్తూ ఉంటాడు. నిద్ర ముంచుకొస్తున్నవాడు కాసేపు కదపకుండా ఉండి, తర్వాత ఒక్కసారిగా లాగుతాడు. ఆ తేడాను కారులోని యంత్రం కనిపెడుతుంది. కొన్ని కార్లలో ఎదుట చిన్న కెమేరా ఉండి కనురెప్పలు ఎంతసేపు మూసుకుంటున్నాయో కూడా చూస్తుంది. ఆయన రెండేళ్ళుగా ఎంతమంది డాక్టర్లకు చూపించుకున్నారో నేను అడగలేదు గాని, నిద్ర సంగతి ముందుగా చెప్పింది మాత్రం ఆ కాఫీ కప్పే.

ఇప్పుడాయన రాత్రిపూట ముక్కుకు గాలి తొడుగు పెట్టుకొని పడుకుంటున్నారు. బరువు ఆరు కిలోలు తగ్గారు, మాత్రలు మూడు నుంచి రెండుకు వచ్చాయి. ఆయన భార్య మళ్ళీ పాత గదిలోకి వచ్చారు. కూత తిరిగి పెట్టించుకున్నారు. ఇప్పుడు ఆయన విసుగంతా ఆ తొడుగు మీద.

అప్పటి నుంచి పెద్ద కారున్నవారు ఎవరు వచ్చినా, మీ కారులో మీకు నచ్చినవేమిటి, నచ్చనివేమిటి అని అడగటం నాకు అలవాటయింది. నాది పదేళ్ళ నాటి చిన్న కారు, కాబట్టి ఇందులో అసూయ కూడా కొంత ఉందేమో. ఏమైనా నేను విన్న జవాబుల్లో ఒక చిత్రం ఉంది. నచ్చినవని చెప్పేవి చాలామటుకు ఒంటికి హాయిగా ఉండేవి. నచ్చనివని చెప్పేవి చాలామటుకు ప్రాణం కాపాడేవి. ఒక్క విషయంలో తప్ప. అది తర్వాత చెబుతాను.

ఫిర్యాదులలో మొదటిది బెల్టు కూత. మన దేశంలో 2019 జూలై నుంచి తయారయ్యే కార్లలో ముందు సీటు బెల్టు పెట్టుకోకపోతే కూసే ఏర్పాటూ, వేగం 80 దాటితే హెచ్చరించే ఏర్పాటూ తప్పనిసరి అయ్యాయి. కూతను ఓర్చుకోలేనివారి కోసం బజారులో ఒక చిన్న లోహపు ముక్క వచ్చింది. బెల్టు కొసలాగే ఉంటుంది. దాన్ని గాడిలో దూర్చితే బెల్టు పెట్టుకున్నారనుకొని కారు నోరు మూసుకుంటుంది. కారు కంపెనీ గుర్తు కూడా చెక్కి ముచ్చటగా అమ్ముతారు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వీటి అమ్మకం మీద ఉత్తర్వులిచ్చింది. ఆన్‌లైన్ దుకాణాల నుంచి ఇలాంటివి 13 వేలకు పైగా తీసివేశారు. అయినా క్రిందటి నెల మా బంధువుల పెళ్ళికి వెళుతూ ఎక్కిన కారులో ఆ ముక్క నాకు కనిపించింది. నడుపుతున్నవాడు మా వాళ్ళ అబ్బాయే, ఇంజనీరు. "ఊళ్ళోనే కదా బాబాయ్" అన్నాడు. ముక్క తీసి నా జేబులో వేసుకున్నాను. దారంతా మూతి ముడుచుకొని నడిపాడు.

80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా కొట్టుకొని టక్కున ఆగితే, లోపల బెల్టు లేని మనిషి అదే 80తో ముందుకు పోతాడు. లెక్క వేస్తే అది ఎనిమిది అంతస్తుల మేడ మీద నుంచి కింద పడటంతో సమానం. ఎయిర్ బ్యాగులు ఆరున్నాయి కదా అంటారు. ఎయిర్ బ్యాగు కనురెప్ప వాల్చేలోగా, పేలుడు వేగంతో ఉబ్బి బయటికి వస్తుంది. బెల్టు ఉన్నవాడి తల దాని మీద వాలుతుంది. బెల్టు లేనివాడు అది ఇంకా ఉబ్బుతుండగానే దాని మీదకు వెళ్ళి పడతాడు. చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకొని ముందు సీటులో కూర్చున్న తల్లులను చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ దెబ్బ ముందు తగిలేది బిడ్డ తలకే. స్టీరింగు పట్టినవారు కూడా రొమ్ముకూ స్టీరింగుకూ మధ్య జానెడుకు మించి, అంటే 25 సెంటీమీటర్లు తగ్గకుండా ఖాళీ ఉంచుకోవాలి.

వెనక కూర్చున్నవారికి బెల్టు ఎందుకని మరొక వాదన. యజమాని కూర్చునేది వెనకే గనుక పెద్ద కార్లలో ఈ వాదన మరీ ఎక్కువ. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించింది ఖరీదైన విదేశీ కారులోనే. వెనక కూర్చున్న ఆయనా, ఆయన పక్కన ఉన్నవారూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. వెనక సీటు బెల్టు మన చట్టంలోనూ తప్పనిసరే, జరిమానా 1000 రూపాయలు. మా క్యాజువాలిటీలో నేను చూసినంతవరకు, వెనక నుంచి ఎగిరి వచ్చిన మనిషి బరువు మీద పడి ముందున్నవారి మెడ విరిగిన కేసులున్నాయి. వెనకవాడు బెల్టు పెట్టుకోవటం తన కోసమే కాదు.

గర్భిణీలు బెల్టు పెట్టుకోకూడదని ఎవరు పుట్టించారో గాని అది పొరపాటు. కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద, తుంటి ఎముకల మీద రావాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి, పొట్ట పక్కగా పోవాలి. అంతే. మూడు చోట్ల పట్టి ఉంచే ఈ బెల్టును 1959లో స్వీడన్‌లో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారు చేశాడు. ఆయన పనిచేసిన వోల్వో కంపెనీ దాన్ని తనకే దాచుకోకుండా అన్ని కంపెనీలకూ వదిలిపెట్టింది. కారులో ఉన్న వస్తువులన్నిటిలో నాకు నచ్చింది అదే.

ఇక ఇష్టమైనవాటి సంగతి. చల్లగాలి వచ్చే సీటు మన ఎండలకు మంచి ఏర్పాటే. వీపు మీద చెమటకాయలూ, తొడల సందుల్లో ఒరుపులూ ఉండేవారికి నిజంగా మేలు చేస్తుంది. నాకేమీ అభ్యంతరం లేదు. వీపు పిసికే సీటు హాయిగా ఉంటుంది గాని అది వైద్యం కాదు. నడుము నొప్పి కాలిలోకి జాలుగా దిగేవారు దాన్ని నమ్ముకొని డాక్టరును మానుకోకూడదు. నడుము దగ్గర ఉబ్బించుకునే మెత్త మాత్రం ఉపయోగకరం. బెల్టు కట్టుకునే చోట, నడుము లోపలికి వంగిన భాగంలో ఆనేటట్లు పెట్టుకోండి. వెనక జేబులో లావుపాటి పర్సు పెట్టుకొని ఎంత ఖరీదైన సీటులో కూర్చున్నా పిర్ర నుంచి పిక్క దాకా నరం లాగటం తప్పదు. పర్సు తీసి ముందు పెట్టుకోవటానికి ఖర్చేమీ లేదు.

ఎంత మెత్తటి సీటయినా మనిషిని కదలనివ్వకుండా చేస్తే ఆ మెత్తదనమే ముప్పు. గుంతల రోడ్డు మీద పాత జీపులో పోయేవాడు అటూ ఇటూ ఎగురుతూనే ఉండేవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఎక్కినవారు విజయవాడలో గాని కాలు కదపటం లేదు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే పిక్కల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుంది. ఆపరేషను అయినవారు, గర్భిణీలు, బాలింతలు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, క్యాన్సరు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. రెండు గంటలకొకసారి దిగి అయిదు నిమిషాలు నడవండి. ప్రయాణం తర్వాత ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే నూనె రాసి మర్దన చెయ్యవద్దు, ఆసుపత్రికి రండి. హఠాత్తుగా ఆయాసం, రొమ్ములో నొప్పి వస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకూడదు.

వెనక సీటును మంచంలా వాల్చుకొని నిద్రపోవటం కూడా ఇష్టమైనవాటిలో ఒకటి. కారు ఆగి ఉన్నప్పుడు వాల్చుకోండి. నడుస్తున్నప్పుడు వాలితే బెల్టు ఒంటికి ఆనదు. కారు ఢీకొన్నప్పుడు మనిషి బెల్టు కిందుగా జారిపోతాడు, తుంటి ఎముకల మీద ఉండవలసిన పట్టీ కడుపులోకి దిగుతుంది. పేగులు, ప్లీహం చిట్లుతాయి. పైకి గాయం కనపడదు. ముందు సీటులో కూర్చొని డ్యాష్‌బోర్డు మీద కాళ్ళు చాపే కుర్రకారుకు కూడా ఒక మాట. ఎయిర్ బ్యాగు తెరుచుకుంటే ఆ మోకాళ్ళు మొహానికి వచ్చి తగులుతాయి, తొడ ఎముక తుంటి కీలులో నుంచి ఊడిపోతుంది.

నెత్తిమీద అద్దం గురించి ఎక్కువ చెప్పను. అది వెలుతురు కోసం పెట్టింది, పిల్లలను నిలబెట్టి ఊరేగించటానికి కాదు. సడెన్‌గా బ్రేకు వేస్తే దాని అంచు పిల్లవాడి రొమ్ముకో మెడకో తగులుతుంది. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల మాంజా సంగతి వేరే చెప్పాలా?

గాలి విషయంలో ఒక చిన్న పొరపాటు అందరూ చేస్తున్నారు. బయటి దుమ్ము రాకుండా, తొందరగా చల్లబడాలని ఏసీని లోపలి గాలే తిరిగేటట్లు పెట్టి మరిచిపోతారు. అయిదుగురు కూర్చొని తలుపులు బిగించుకుంటే, విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు అరగంటలో బయటి గాలిలో ఉన్నదానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. మంచి కార్లలో కంతలు కూడా ఉండవు గనుక మరీ తొందరగా పెరుగుతుంది. ప్రాణాపాయం లేదు గాని తల బరువెక్కి మగత కమ్ముతుంది. అన్నం తిన్న తర్వాత నడిపేవాడికి ఆ మగత చాలు. ఇరవై నిమిషాలకొకసారి బయటి గాలి రానివ్వండి. ఇక ఆ అత్తరు సీసాలు! ఉబ్బసం, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారు ఇంట్లో ఒక్కరున్నా వాటిని తీసెయ్యండి. కొత్త కారు వాసన చాలామందికి ఇష్టం. అది ప్లాస్టిక్కు, జిగురు, తోలు రంగుల నుంచి వచ్చే ఆవిరి. ఎండలో నిలిపిన కారు ఎక్కేముందు రెండు నిమిషాలు తలుపులు తెరిచి ఉంచండి.

యజమానుల ఫిర్యాదే న్యాయమైన విషయం ఒకటి ఉందన్నాను. అది అద్దాల తెర. ఫ్యాను తగ్గించాలన్నా, అద్దం మీద ఆవిరి పోగొట్టాలన్నా మీటలు లేకుండా అన్నీ తెర మీదే పెట్టారు. మీట అయితే వేలికి తగులుతుంది, చూడనక్కరలేదు. తెర అయితే కన్ను తిప్పి తీరాలి. స్వీడన్‌లో వీ బిలెగారె అనే మోటారు పత్రిక 2022లో ఒక పరీక్ష చేసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ నాలుగు మామూలు పనులు చెయ్యాలి. మీటలున్న 2005 నాటి పాత కారులో 10 సెకన్లు పట్టింది. అన్నిటికంటె వెనకబడిన కొత్త కారులో దాదాపు 45 సెకన్లు. అంతసేపట్లో కారు సుమారు 1370 మీటర్లు పోయింది. కార్ల భద్రత పరీక్షించే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్, పూర్తి మార్కులు కావాలంటే హారను, వైపరు, మలుపు దీపాల వంటివాటికి విడిగా మీటలుండాలని 2026 నుంచి నిబంధన పెట్టింది. ఆ నిబంధన చదివి నాకు సంతోషం కలిగింది. నలభై దాటి చత్వారం వచ్చినవారు కారు కొనేముందు కళ్ళజోడు పెట్టుకొని ఆ తెర ఒకసారి చదివి చూడండి. దూరానికీ దగ్గరకూ మార్చి మార్చి చూడలేకపోతే ఏ పని అయినా కారు ఆపాకే చెయ్యండి.

ఈ వారం ఉత్తరాలలో మూడు కారుకు సంబంధించినవే.

విజయనగరం నుంచి ఒక సోదరి వ్రాశారు: ఎత్తు కారు కొన్నాము, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు ఎక్కలేక ఏడుస్తున్నారు, ఏమి చెయ్యాలి అని. అమ్మా, ఎత్తు కారులో నుంచి దిగటం మోకాళ్ళకు సుఖం, ఎక్కటమే కష్టం. బాగా పల్లంగా ఉండే కారులో ఎక్కటం తేలిక, లేవటం నరకం. మీ అత్తగారి తుంటి ఎత్తుకు సీటు ఎత్తు సమానంగా ఉండే కారయితే రెండూ తేలికే. కొనేముందు ఆవిడను షోరూముకు తీసుకువెళ్ళి ఉండవలసింది. ఇప్పుడు పక్కన అడుగుపలక బిగించండి, లేదా చిన్న పీట ఒకటి కారులో ఉంచండి. ముందు వీపు సీటు వైపు పెట్టి కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి మెలి తిరగకూడదు. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారికి పల్లపు సీటు మొదటి మూడు నెలలు పనికిరాదు.

ఖమ్మం నుంచి ఒక తండ్రి: మా పాపకు ఏడేళ్ళు, పాత కారులో వాంతులు లేవు, వెనక సీటుకు తెర ఉన్న కొత్త కారులో ప్రతిసారీ వాంతులే అని వ్రాశారు. కన్ను ఎదుట ఉన్న బొమ్మ కదలటం లేదంటుంది, చెవిలోని తూనిక మాత్రం ఒళ్ళు ఊగుతోందంటుంది. ఈ తగాదాలోనే వాంతి పుడుతుంది. తెర ఆపివేసి పాపను ముందు రోడ్డు కనపడేటట్లు కూర్చోబెట్టండి. మరీ మెత్తగా ఊగే కార్లలోనూ, కాలు తీయగానే వేగం పట్టేసినట్లు తగ్గే కరెంటు కార్లలోనూ ఇది ఎక్కువ. కరెంటు కారయితే ఆ పట్టు తగ్గించే వీలుంటుంది, తగ్గించండి. తిరుమల, అరకు ఘాటు రోడ్లకు వెళ్ళేముందు కడుపునిండా పెట్టకండి.

గుంటూరు నుంచి 64 ఏళ్ళ రిటైరైన మేష్టారు వ్రాశారు. ఆయనకు 18 ఏళ్ళుగా మధుమేహం. చలికాలంలో మిచిగాన్‌లో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్తున్నారు. అక్కడి కారులో సీటు వేడెక్కుతుందట, వాడవచ్చునా అని. మేష్టారూ, మీ అరికాళ్ళు మొద్దుబారాయని వ్రాశారు గనుక జాగ్రత్త అవసరం. వేడి తెలియని చోట చర్మం కాలినా తెలియదు. అన్నిటికంటె తక్కువ వేడి మీద పెట్టి, పది నిమిషాల తర్వాత ఆపివేయమనండి. కాళ్ళ మీదకు వచ్చే వేడి గాలి కూడా వద్దు. తొడల వెనక వలలాగా గోధుమరంగు మచ్చలు కనపడితే సీటు వేడి పూర్తిగా మానండి. మరొక సంగతి. అక్కడి ఇళ్ళకు కారు గది కలిసే ఉంటుంది, తాళం తిప్పకుండా మీట నొక్కి నడిపే కార్లు. ఇంజను చప్పుడు వినపడక, ఆపకుండానే దిగి ఇంట్లోకి వెళ్ళి పడుకున్నవారు విషవాయువు ఇంట్లోకి పాకి చనిపోయిన సందర్భాలు అక్కడ ఉన్నాయి. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం, మగత ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే ముందు బయటికి నడవాలి. దాన్ని పసికట్టి మోగే పరికరం ఇంట్లో ఉందో లేదో, బ్యాటరీ పనిచేస్తోందో లేదో వెళ్ళిన రోజే మీ అబ్బాయిని అడగండి.